దానానికి టోపీలు, మఫ్లర్లు అల్లాలంటే: దారం కొనకముందే తేల్చుకోవాల్సినవి

మీ ప్రశ్న చదివాను. అపార్ట్‌మెంట్‌లో కొందరు ఆడవాళ్లు కలిసి యూట్యూబ్‌లో చూసి క్రోషే (హుక్‌తో దారం అల్లడం) నేర్చుకున్నారు. ఈ చలికాలానికి టోపీలు, మఫ్లర్లు అల్లి అవసరమైనవాళ్లకు ఇద్దామనుకుంటున్నారు. ఏ దారం కొనాలి, ఏ సైజు అల్లాలి, చివరికి ఎక్కడ ఇవ్వాలి అని వరసగా అడిగారు. నేను జవాబు చివరి నుంచి మొదలుపెడతాను. ఎవరి తలకో తెలిస్తేనే సైజు తెలుస్తుంది, అక్కడ ఎలా ఉతుకుతారో తెలిస్తేనే దారం తేలుతుంది. ముందే రంగురంగుల ఉండలు కొనేసి, అల్లేసి, ఆ తర్వాత పుచ్చుకునేవాళ్ల కోసం వెతికే గుంపులు చాలా ఉన్నాయి. అలా అల్లినవి ఎక్కువ భాగం ఏదో ఒక ఆఫీసు బీరువాలో ఉండిపోతాయి. అంత కష్టపడి అల్లినవి వాడకంలోకి రాకపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పక్క పల్లె. 1840ల్లో మిషనరీలు నేర్పిన లేసు పని మా వైపు తరతరాలుగా ఇంటింటా సాగుతోంది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక కొంతమందిమి కలిసి పసిపిల్లల వార్డుకూ, కేన్సర్ రోగులకూ టోపీలు అల్లుతున్నాం. కింద చెప్పేవన్నీ ఆ పనిలో తెలిసినవే.

కొంతమందికి నచ్చకపోయినా ఒక మాట ముందే చెప్పాలి. రెండు వందల మంది పిల్లలున్న ఆశ్రమ పాఠశాలకు టోపీలు ఇవ్వాలనుకుంటే అల్లకండి, చందాలు వేసుకుని కొనివ్వండి. పెద్దవాళ్ల టోపీ ఒకటి అల్లాలంటే డెబ్బై నుంచి వంద గ్రాముల దారం, ఒక పూట పని పడుతుంది. మిషన్ మీద అల్లిన మంకీ క్యాప్ హోల్‌సేల్‌లో అంతకన్నా చవగ్గా వస్తుంది, గాలి కూడా తక్కువ దూరుతుంది. పైగా బడికి ఇస్తే అందరికీ ఇవ్వాలి. సగం మందికి ఇచ్చి సగం మందిని చూస్తూ ఉండమనడం పిల్లల విషయంలో చాలా తప్పు. చేత్తో అల్లే పని బజారులో దొరకని వాటికి పెట్టండి. కిలో బరువున్న బిడ్డ తలకు సరిపోయే టోపీ మీ వీధి దుకాణంలో దొరకదు. జుట్టు రాలిపోయిన తలకు గుచ్చుకోని, జారిపోని, మెడ వెనక దాకా కప్పే టోపీ కూడా అంత తేలిగ్గా దొరకదు. మీ చేతులకు నిజంగా పని ఉన్నది ఈ రెండు చోట్లే.

ముందు పసిపిల్లల సంగతి. పెద్దవాళ్ల ఒంటి చర్మం విస్తీర్ణంలో తల వాటా పదో వంతు కూడా ఉండదు. అప్పుడే పుట్టిన బిడ్డలో అది దాదాపు ఐదో వంతు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఒంట్లో కొవ్వు పట్టి ఉండదు, వణికి వేడి పుట్టించుకోవడం చేతకాదు. తల తెరిచి ఉంటే ఒళ్లు ఇట్టే చల్లబడిపోతుంది. అందుకే ప్రసవం కాగానే తల తుడిచి టోపీ పెడతారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో డాక్టర్ ఎడ్గర్ రే సనాబ్రియా మొదలుపెట్టిన కంగారూ పద్ధతి ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఉంది. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టి కట్టేస్తారు. నెల తక్కువ బిడ్డలకూ, బరువు తక్కువ బిడ్డలకూ దీన్ని పుట్టిన వెంటనే మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. అలా పెట్టినప్పుడు బిడ్డ ఒంటి మీద ఉండేవి మూడే: న్యాపీ, మేజోళ్లు, టోపీ. ఒంటికి తల్లి వేడి అందుతుంది, పైన చీరో దుప్పటో ఉంటుంది. బయట ఉండేది తల ఒక్కటే. ఆ తలకు సరైన కొలత టోపీ లేక, పెద్ద టోపీని మడిచి పెట్టడమో, మెత్తని గుడ్డ చుట్టడమో చేస్తుంటారు.

మీ ఊళ్లోనో, దగ్గర్లోని జిల్లా ఆసుపత్రిలోనో నవజాత శిశువుల ప్రత్యేక వార్డు ఉంటుంది, దాన్ని ఎస్‌ఎన్‌సీయూ అంటారు. అక్కడి ఇన్‌చార్జి సిస్టర్‌ను కలవండి. డాక్టర్ గారు సరేనంటారు, కానీ రోజూ టోపీ పెట్టేదీ తీసేదీ ఉతికించేదీ సిస్టర్లే, కాబట్టి అసలు మాట వాళ్లదే. వెళ్లేటప్పుడు మూడు సైజుల్లో ఒక్కొక్కటి అల్లి పట్టుకెళ్లండి. ఇవి పనికొస్తాయా, ఏ సైజు ఎక్కువ కావాలి, వార్డు బట్టలు ఎలా ఉతుకుతారు, టోపీ ఇంటికి పంపిస్తారా లేక వార్డులోనే తిరిగి వాడతారా అని అడగండి. చివరి రెండు ప్రశ్నలూ మరిచిపోవద్దు. చాలా వార్డుల్లో పిల్లల బట్టల్ని ఆటోక్లేవ్‌లో పెడతారు. అందులో 121 డిగ్రీల ఆవిరి ఉంటుంది. నూలు దారం దానికి తట్టుకుంటుంది. యాక్రిలిక్ తట్టుకోదు, ఒక్కసారికే ముడుచుకుపోయో సాగిపోయో వేలాడుతుంది, మళ్లీ మామూలు కాదు. వార్డులో తిరిగి వాడేదైతే నూలు తప్ప వేరే దారం ముట్టుకోకండి. బిడ్డతో పాటు ఇంటికి పోయేదైతే మెత్తని బేబీ యాక్రిలిక్ అయినా పరవాలేదు. ఒకవేళ సిస్టర్ మాకు వద్దమ్మా అంటే బలవంతపెట్టకండి. ఇన్‌ఫెక్షన్ భయంతో బయటి బట్టలు అసలు తీసుకోని వార్డులున్నాయి, వాళ్ల భయం సబబే. మరో ఆసుపత్రిలో అడగండి.

కొలతలు చెబుతాను. 28 వారాలకు పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 25, 26 సెంటీమీటర్లు. 32 వారాలకు 29, 30. నెలలు నిండిన బిడ్డకు 33 నుంచి 35. టోపీ చుట్టుకొలత తల కన్నా రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి, సాగి పట్టుకుంటుంది. మరీ బిగువుగా ఉంటే నుదుటి మీద గీత పడుతుంది, వదులైతే కళ్ల మీదికీ ముక్కు మీదికీ జారుతుంది. జారడమే ఎక్కువ ప్రమాదం. నడినెత్తి నుంచి అంచు దాకా ఎత్తు చిన్న సైజుకు 9, 10 సెంటీమీటర్లు, మధ్య సైజుకు 11, పెద్ద సైజుకు 13 పెట్టుకోండి.

మీవాళ్లందరికీ చేతనయ్యే నమూనా ఒకటి ఇస్తున్నాను. కుట్ల పేర్లన్నీ అమెరికా పద్ధతిలో చెబుతున్నాను, యూట్యూబ్‌లో ఎక్కువమంది వాడేది అదే. బ్రిటిష్ పుస్తకంలో డబుల్ అన్నది ఇక్కడ సింగిల్ అవుతుంది, గుంపులో ఇద్దరు రెండు పద్ధతుల్లో అల్లితే టోపీలు కలవవు. 4 మిల్లీమీటర్ల హుక్, మధ్యరకం లావు దారం తీసుకోండి. మ్యాజిక్ రింగ్‌లో (కొస లాగితే బిగుసుకునే దారపు చుట్టు) 8 హాఫ్ డబుల్ కుట్లు (సింగిల్‌కూ డబుల్‌కూ మధ్య ఎత్తువి). రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి, 16. మూడో వరసలో 24, నాలుగులో 32, ఐదులో 40, ఆరులో 48. అంటే ప్రతి వరసకూ ఎనిమిదేసి పెరుగుతాయి, పెంచే చోట్ల మధ్య దూరం ఒక్కో కుట్టు చొప్పున ఎక్కువవుతుంది. 48 దగ్గర ఆపి, ఇక పెంచకుండా ఎత్తు 13 వచ్చేదాకా తిన్నగా అల్లితే నెలలు నిండిన బిడ్డ టోపీ. 40 దగ్గర ఆపితే 32 వారాల బిడ్డకు. ఇంకా చిన్నదానికి 32 కుట్ల వరస అయ్యాక వచ్చే వరసలో నాలుగే పెంచి 36 దగ్గర ఆపండి. ఈ లెక్క 10 సెంటీమీటర్లకు 15, 16 కుట్లు వచ్చే చేతికి. మీకు 18 వస్తున్నాయంటే మీ చెయ్యి బిగువు, హుక్ అర మిల్లీమీటరు పెంచండి. 13 వస్తే తగ్గించండి. మా లేసు ఊళ్ల చేతులు సన్న దారం మీద పెరిగినవి కాబట్టి ఎప్పుడూ బిగువే. అలాంటి పెద్దావిడ మీ గుంపులో ఉంటే ఆమెకు పెద్ద హుక్ ఇవ్వండి.

ఏ తలకైనా పనికొచ్చే సూత్రం ఒకటుంది. పైభాగం చదునుగా అల్లే చక్రం అడ్డకొలత, కావాల్సిన టోపీ చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వస్తుంది. 52 సెంటీమీటర్ల టోపీ కావాలంటే చక్రం పదహారున్నర సెంటీమీటర్లు రాగానే పెంచడం ఆపాలి. ఇది పట్టుకుంటే వేరే నమూనాలతో పనే ఉండదు.

చిన్నపిల్లల టోపీకి కొన్ని కట్టుబాట్లు నేను అస్సలు సడలించను. గుండీలు, పూసలు, పువ్వులు, ఊలు బంతులు, గడ్డం కింద కట్టే తాళ్లు ఏవీ వద్దు. ఊడితే నోట్లోకి పోతాయి, తాడైతే మెడకు చుట్టుకుంటుంది. జాలీ డిజైన్లు వద్దు. బిడ్డ వేలు ఆ కన్నంలో ఇరుక్కుంటే రక్తం ఆడదు, నోరు తెరిచి చెప్పలేదు. లోపల వేలాడే దారప్పోగు కూడా వేలికి చుట్టుకుంటుంది. మేజోళ్లూ చేతి తొడుగులూ అల్లేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి, వాటి లోపల పోగు ఏ మాత్రం కనపడకూడదు. దారం మారే చోట ముడి వేయకండి. పదిహేను సెంటీమీటర్ల కొస వదిలి, మొద్దు సూదితో మూడు దిక్కులకు తిప్పి కుట్లలో దాచేయండి. మ్యాజిక్ రింగ్ కొస సరిగ్గా బిడ్డ మాడు మీదకు వస్తుంది, అక్కడ గట్టి ముడి ఉండనే కూడదు. అల్లడం అయిపోయాక టోపీ తిరగేసి మీ చెంప మీద రుద్ది చూసుకోండి. మీకు గరుకు తగిలితే బిడ్డకు గుచ్చుకున్నట్టే.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మన ఇళ్లలో ఎవరూ ఆలోచించనిది కలరా ఉండలు. ఊలు దారాన్నీ ఊలు బట్టల్నీ నాఫ్తలీన్ గోళీలు వేసి దాచడం మనకు అలవాటు. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్న పసిబిడ్డలకు నాఫ్తలీన్ పట్టిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు ప్రమాదకరంగా పెరుగుతాయి. ఆ లోపం ఉందో లేదో బిడ్డ ముఖం చూసి తెలియదు. అందుకని దానం దారం ఉన్న పెట్టెలో ఆ గోళీలు వేయొద్దు. బీరువాలో ఏళ్ల తరబడి గోళీలతో ఉన్న దారాన్ని ఎవరైనా ఉదారంగా ఇస్తే, దాన్ని పెద్దవాళ్ల మఫ్లర్లకు పక్కన పెట్టండి. ఎండు వేపాకు చాలు పురుగు రాకుండా.

టోపీతో పాటు తెలుగులో చిన్న చీటీ పెట్టండి. ఇంటికెళ్లాక డాక్టర్ చెప్పినన్నాళ్లే పెట్టాలని, ఎండాకాలంలో ఇంట్లో నిద్రపోయే బిడ్డకు టోపీ వద్దని రాయండి. మేనెలలో కూడా టోపీ, స్వెటర్, దుప్పటి చుట్టి పడుకోబెట్టే అమ్మమ్మలు మనలో ఎందరో. బిడ్డ ఒంట్లో వేడి బయటికి పోయే దారి కూడా తలే. ఆసుపత్రిలో తప్ప ఇంట్లో పడుకునే పిల్లలకు టోపీ వద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా చెబుతోంది. ఏడాది లోపు పిల్లలకు మఫ్లర్ ఎప్పుడూ వద్దు. నేనైతే మూడేళ్ల లోపు ఎవరికీ మెడ చుట్టూ ఏదీ అల్లను.

ఈ పని మొదలుపెట్టిన ప్రతి గుంపులోనూ ఎవరో ఒకరు పసిబిడ్డల పక్కన పెట్టే క్రోషే ఆక్టోపస్ బొమ్మల గురించి అడుగుతారు. ఆ పద్ధతి 2013లో డెన్మార్క్‌లో మొదలైంది, ఆ బొమ్మ కాళ్లు పట్టుకుంటే బిడ్డ గొట్టాలు లాక్కోదని చెబుతారు. పడక పక్కన బొమ్మ ఉంచడం చాలా ఆసుపత్రులకు ఇష్టం ఉండదు. సిస్టర్ తనంతట తాను అడిగితే తప్ప వాటి జోలికి పోకండి.

ఇక కేన్సర్ రోగుల టోపీలు. అన్ని కీమో మందులకూ జుట్టు రాలదు. రాలే మందులకు మొదటి డోసు పడ్డ రెండు మూడు వారాలకు మొదలవుతుంది. ఆ రోజుల్లో తల చర్మం మంటగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటుంది, దిండు మీద ఆనించినా బాధే. అప్పుడు తలకు ఆనే టోపీ లోపల కుట్టు మడత కూడా గుచ్చుతుంది. కాబట్టి జోడించి కుట్టే నమూనాలు వద్దు, గుండ్రంగా ఒకే ముక్కగా అల్లాలి. జుట్టు లేని తల కొలత రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది. ఆడవాళ్ల టోపీ 51, 52 సెంటీమీటర్లుంటే చాలు. లోతు మాత్రం మామూలు టోపీ కన్నా ఎక్కువ, 22 దాకా ఉండాలి. చెవుల ముందు వెంట్రుకలూ మెడ మీద వెంట్రుకలూ కూడా పోతాయి కదా, అవి కప్పడమే వాళ్లకు కావాల్సింది.

దారం దగ్గర నిజం చెప్పాలి. మన ఎండలకు క్రోషే టోపీ ఎంత సన్నగా అల్లినా వేడే. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో ఖమ్మంలోనో కీమో తీసుకుంటున్న మనిషికి మెత్తని హోజరీ గుడ్డతో కుట్టిన టోపీ ఎక్కువ సుఖం. మీలో మిషన్ కుట్టేవాళ్లుంటే ఆ నెలల్లో అవి కుట్టండి. క్రోషే టోపీ పనికొచ్చేది చలికాలంలో, ఇంకా ముఖ్యంగా మందు ఎక్కించే గదిలో. ఆ గదుల్లో ఏసీ ఉంటుంది, మనిషి కదలకుండా గంటల తరబడి పడుకోవాలి, నరంలోకి చల్లని సెలైన్ పోతూ ఉంటుంది. అక్కడ టోపీ, పలచటి మఫ్లర్, కాళ్ల మీదికి చిన్న దుప్పటి నిజంగా అక్కరకొస్తాయి. నూలు దారంతోనో, నూలూ యాక్రిలిక్ కలిసిన మెత్తని దారంతోనో అల్లండి. గొర్రె ఊలు ఎంత ఖరీదైనదైనా వద్దు, దురద పుడుతుంది.

రంగులు కూడా అడిగి తెలుసుకోండి. మనకు ముచ్చటేసే లేత గులాబీ, పసుపు టోపీలు తీసుకుని చాలామంది సంచిలో పెట్టేసుకుంటారు. నలుపు, ముదురు గోధుమ, నేవీ బ్లూ, మెరూన్ అడుగుతారు. దూరం నుంచి చూస్తే జుట్టులా ఉండాలి, బస్సులో ఎవరూ తేరిపార చూడకూడదు, ఉన్న నాలుగు చీరల మీదికీ నప్పాలి. మొగవాళ్లు తల మీద టోపీ కన్నా భుజం మీద వేసుకుని కావలసినప్పుడు తలకు చుట్టుకునే మఫ్లర్‌ను ఇష్టపడతారు. చిన్నపిల్లలకైతే రంగులు ఎన్నున్నా సంతోషమే, వాళ్లనే ఏరుకోమనండి. ఒకటి ఇచ్చేసి పోవడం కన్నా బుట్టలో పెట్టి ఎంచుకోమనడం పెద్దవాళ్లకు కూడా గౌరవం. ఫోటోలు మాత్రం తీయకండి. జుట్టు పోయిన మనిషి చేతిలో టోపీ పెట్టి కెమెరా వైపు చూడమనడం నాకు సహించదు. మీ గుంపుకు గుర్తుగా కావాలంటే టోపీలు బల్ల మీద పరిచి తీసుకోండి.

హైదరాబాద్‌లో ఉంటే రెడ్‌హిల్స్ ప్రాంతంలోనే పిల్లలకు నిలోఫర్, కేన్సర్‌కు ఎంఎన్‌జే, రెండూ ప్రభుత్వ ఆసుపత్రులే, రెండు రాష్ట్రాల నుంచీ బీదవాళ్లు వస్తారు. విశాఖ వాళ్లకు కేజీహెచ్, అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఎక్కడైనా నేరుగా వార్డులోకి సంచులతో వెళ్లకండి, ముందు ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోండి. ఈ ఆసుపత్రుల దగ్గర మరో గుంపు మనుషులు ఎవరి లెక్కలోకీ రారు: రోగికి తోడొచ్చినవాళ్లు. రాత్రి వార్డులో ఉండనివ్వరు. వరండాల్లో, చెట్ల కింద, గేటు పక్కన చాప పరుచుకుని పడుకుంటారు. డిసెంబర్ రాత్రి వాళ్లకు మఫ్లర్ ఇస్తే అప్పుడే తలకు చుట్టుకుంటారు. మీరు మఫ్లర్లు అల్లి తీరాలనుకుంటే మొదట వీళ్లకే ఇవ్వమంటాను.

ఏజెన్సీ ఊళ్ల గురించి కూడా అడిగారు. లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు వైపు, తెలంగాణలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలికాలం రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగిపోతుంది. అక్కడి ఆడవాళ్లు సిగ ముడి వేసుకుంటారు, మనం అల్లే గుండ్రటి టోపీ ఆ ముడి మీద కూర్చోదు. చెవులు కప్పి తల చుట్టూ చుట్టుకునే మఫ్లరే వాళ్లకు పనికొస్తుంది. పొడవు 150, 160 సెంటీమీటర్లు, వెడల్పు 20, 22. అంతకన్నా పొడవు వద్దు, కుచ్చులు అసలే వద్దు. తెల్లవారుజామున అందరూ చలిమంట చుట్టూ కూర్చుంటారు, కట్టెల పొయ్యి ముందు వంగి వంట చేస్తారు. మనకు బజారులో ఊలు అని అమ్మేది చాలావరకు యాక్రిలిక్. దానికి నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుపోతుంది. వేలాడే కుచ్చు ముందు అంటుకుంటుంది. పిల్లలకైతే మఫ్లర్ బదులు తల మీదుగా తొడుక్కునే గుండ్రటి మెడపట్టీ అల్లండి, 52 సెంటీమీటర్ల చుట్టుకొలత, 18 ఎత్తు. ఆడుకునేటప్పుడు దేనికీ చిక్కుకోదు, మంటలోకీ వేలాడదు. కొబ్బరినూనె రాసిన తలలకు లేత రంగులు నాలుగు రోజులు కూడా నిలవవు, ముదురు రంగులే వాడండి. పేను ఒకరి నుంచి ఒకరికి పాకకుండా ప్రతి దాని లోపలా రంగు దారంతో ఒక గుర్తు కుట్టి, హాస్టల్ పిల్లలకైతే ఎవరిది వాళ్లకే ఉండేలా చూడమని అక్కడి వార్డెన్‌కు చెప్పండి.

చలి ఆగేలా అల్లాలంటే డబుల్ క్రోషే కాదు, దాని సందుల్లోంచి గాలి దూసుకుపోతుంది. హాఫ్ డబుల్‌ను వెనక పోగులో మాత్రమే గుచ్చి అల్లుతూ పోతే గీతలు గీతలుగా, సాగే గుణంతో, దళసరిగా వస్తుంది. ఇప్పుడే నేర్చుకున్నవాళ్లకు ఇంతకన్నా తేలికైన పని లేదు, అటూ ఇటూ తిరిగి అల్లడమే. 5 మిల్లీమీటర్ల హుక్, 150 నుంచి 200 గ్రాముల దారం పడుతుంది. వర్ధమాన్, ఓస్వాల్, గంగా, ఏదైనా సరే. ఒక మఫ్లర్‌కు కావలసిన ఉండలన్నీ ఒకే లాట్ నంబరువి కొనండి, లేకపోతే నడుమ రంగు తేడా కొడుతుంది.

కాలం విషయం జాగ్రత్త. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. జనవరి నెలాఖరుకు చేరిన మఫ్లర్ వాడకానికి వచ్చేది మళ్లీ ఏడాదికే. కొండ ఊళ్లకు పంపేవి కార్తీక మాసం మొదలయ్యేలోపు చేరాలి, అంటే వానాకాలంలోనే అల్లడం మొదలుపెట్టాలి. ఇప్పుడు ఆలస్యమైందనుకుంటే దిగులు లేదు, పసిపిల్లల వార్డుకు కాలంతో పనిలేదు.

ఇచ్చేముందు అన్నీ ఉతకాలి. వాసన లేని మామూలు సబ్బుపొడి చాలు, కంఫర్ట్ లాంటివి, సెంటు, అగరుబత్తి పొగ ఏవీ తగలకూడదు. కీమోలో ఉన్నవాళ్లకు వాసన పడదు, వాంతి వస్తుంది. వాళ్లలో రోగనిరోధక శక్తి కూడా తగ్గి ఉంటుంది కాబట్టి పూర్తిగా ఆరాక ఒక్కొక్కటీ జిప్ కవరులో పెట్టి మూసేయండి. తడి ఏ కాస్త ఉన్నా బూజు పడుతుంది. యాక్రిలిక్‌కు ఇస్త్రీ పెట్టొద్దు. ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే, సిగరెట్ తాగేవాళ్లుంటే, ఆ ఇంట్లో అల్లినవి ఆసుపత్రికి కాకుండా మఫ్లర్ల సంచిలో వేయండి. కవరు మీద చుట్టుకొలత, ఏ దారం, ఎలా ఉతకాలి అన్న మూడు సంగతులూ పెద్ద అక్షరాల్లో రాయండి. సిస్టర్‌కు కవరు విప్పకుండానే సైజు తెలియాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి ఆరు నెలలుండే అమ్మలు కూడా అక్కడి గుంపులతో కలిసి అల్లుతుంటారు. అక్కడ హార్ట్ అసోసియేషన్ వాళ్ల లిటిల్ హ్యాట్స్ బిగ్ హార్ట్స్ కార్యక్రమం 2014లో షికాగోలో మొదలైంది. ఫిబ్రవరిలో పుట్టిన పిల్లలకు ఎర్ర టోపీలు పెడతారు, పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల గురించి అందరికీ తెలియాలని. రంగు ఎరుపే, దారం మిషన్‌లో ఉతికేదే, అలంకారాలు వద్దు అని ముందే రాసి ఇస్తారు. ఏం కావాలో పుచ్చుకునేవాళ్లే చెప్పే ఆ పద్ధతి మన దగ్గరా రావాలి. అప్పటిదాకా అడిగే బాధ్యత మనదే.

చివరగా ఒక మనవి. గుంపులో చేతులు చాలక కొందరు మా గోదావరి వైపు లేసు అల్లే ఆడవాళ్లకు పని పంపిస్తుంటారు. పంపండి, వాళ్లకన్నా నున్నగా నూలు టోపీ అల్లేవాళ్లు దొరకరు. కానీ దానం పని కదా అని ఉచితంగానో నామమాత్రపు కూలికో అడగకండి. ముక్క లెక్కన వచ్చే ఆ డబ్బులతోనే వాళ్ల ఇల్లు గడుస్తుంది. దానం చేసేది మీరు, వాళ్లకు కూలి పూర్తిగా ఇవ్వాలి.

ముందు ఆ మూడు నమూనా టోపీలు అల్లి, దగ్గర్లోని ఎస్‌ఎన్‌సీయూకు వెళ్లి రండి. బట్టలు ఆటోక్లేవ్‌లో పెడతారో లేదో, ఏ సైజు ఎక్కువ కావాలన్నారో ఇక్కడ రాయండి. కిలో లోపు బిడ్డలకు అడిగితే సన్న నూలు దారంతో, 3 మిల్లీమీటర్ల హుక్‌తో కుట్ల లెక్క మారుతుంది, అది విడిగా రాసి పెడతాను.